చేతిలో ఫోను లేకపోయినా తెర మీద ఫోను!



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని అడిగినప్పుడు అందరిలాగే మేమూ ఒక కవిత రాద్దామనుకున్నాం. కానీ పోయిన సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు ఒక తమ్ముడు అడిగిన మాట మమ్మల్ని వదల్లేదు. "అన్నా, మాకు ల్యాప్‌టాప్ లేదు. మంచి ఫోను లేదు. మేం కూడా యాప్‌లు చేయడం నేర్చుకోవచ్చునా?" అన్నాడు. ఆరోజు "నేర్చుకోవచ్చు" అని మాత్రం చెప్పి వచ్చేశాం. ఎలాగో చెప్పలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

మేము ముగ్గురం. ఇక్కడే ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పదో తరగతి దాకా చదివాం. ఇప్పుడు ఎం.సి.ఏ. చదువుతున్నాం. మా మూడు ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. ఎం.సి.ఏ.లో చేరేనాటికి ముగ్గురికీ కలిపి ఒకే ఫోను ఉండేది. అది కూడా తెర పగిలినదే. క్లాసులో మిగతావాళ్ళు ల్యాప్‌టాప్ సంచులు తగిలించుకుని వస్తుంటే, మాలో ఒకరు మొదటి సెమిస్టర్‌లోనే "ఈ చదువు మనకు కాదులే" అని పెట్టె సర్దుకున్నారు కూడా. ఆ పెట్టె మళ్ళీ విప్పించింది కాలేజీ ల్యాబ్‌లో మాకు దొరికిన ఒక నల్లటి తెర. దాని కథే ఇది.

కాడి అలవాటు చేయడం

మన ఊళ్ళల్లో కోడెకు నేరుగా మడక కట్టరు. ముందు మెడ మీద కాడి పెట్టి అలవాటు చేస్తారు. తర్వాత ఉత్త మొద్దు లాగిస్తారు. అది బెదిరినా, పక్కకు పరుగెత్తినా చేనుకు నష్టం లేదు. నడక కుదిరాకే మడక, గొర్రు. యాప్‌కు సిమ్యులేటర్ అంటే సరిగ్గా అదే. కంప్యూటర్ లోపలే ఒక ఉత్తుత్తి ఫోను తయారు చేసి, మనం రాసిన యాప్‌ను ముందు అందులో నడిపించి చూస్తాం. అక్కడ ఎన్నిసార్లు పడిపోయినా ఎవరికీ నష్టం లేదు.

ఇదేమీ పేదవాళ్ళ సర్దుబాటు కాదని మొదట గ్రహించాలి. ఆండ్రాయిడ్ మీద యాప్‌లు రాసుకునే సామగ్రిని గూగుల్ మొదటిసారి 2007 నవంబర్‌లో విడుదల చేసింది. అందులోనే ఈ ఉత్తుత్తి ఫోను ఉంది. అసలైన మొదటి ఆండ్రాయిడ్ ఫోను అంగట్లోకి వచ్చింది 2008 అక్టోబర్‌లో. అంటే దాదాపు ఏడాది పాటు ప్రపంచంలో ఏ అంగట్లోనూ ఆ ఫోను దొరికేది కాదు. ఎంత డబ్బున్నవాడైనా తెర మీద ఫోనుతోనే నేర్చుకోవలసి వచ్చింది! మనం ఇప్పుడు మొదలుపెడుతున్నది వాళ్ళు మొదలుపెట్టిన చోటనే.

ఆ ఉత్తుత్తి ఫోనుకు పునాది క్యూఈఎంయూ అనే ప్రోగ్రాం. ఫ్రాన్స్ దేశస్థుడు ఫాబ్రిస్ బెల్లార్డ్ దాన్ని 2003లో విడుదల చేశాడు. ఒక యంత్రం లోపల మరో యంత్రాన్ని నడపడం దాని పని. ఆండ్రాయిడ్‌లో దీన్ని ఎమ్యులేటర్ అంటారు. ఇందులో ఆండ్రాయిడ్ మొత్తం, నిజం ఫోనులో లాగే లేచి కూర్చుంటుంది. ఐఫోన్ వాళ్ళది సిమ్యులేటర్. అందులో ఫోను యంత్రాన్ని అనుకరించరు. యాప్‌ను మ్యాక్ కంప్యూటర్ ప్రాసెసర్ మీదే నేరుగా నడిపిస్తారు. వాడుకలో రెంటినీ సిమ్యులేటర్ అనే అంటున్నారు కాబట్టి మేమూ అలాగే అంటాం.

నల్ల తెర ఎందుకు?

ఆండ్రాయిడ్ స్టూడియో అనే పెద్ద సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కి కూడా ఇదంతా చేయవచ్చు. అయితే స్టూడియోను, ఎమ్యులేటర్‌ను కలిపి నడపాలంటే 16 జీబీ ర్యామ్ ఉండాలని ఇప్పుడు గూగుల్ సూచిస్తోంది. మాకు దొరికిన ల్యాబ్ కంప్యూటర్‌లో ఉన్నది 8 జీబీ. స్టూడియో తెరిచి ఎమ్యులేటర్ మొదలుపెడితే మౌసు కూడా కదిలేది కాదు.

అప్పుడు ఒక సీనియర్ చెప్పిన మాట మమ్మల్ని కాపాడింది. "స్టూడియో మూసేయండి. అది చేసే పనులన్నీ వెనక చిన్నచిన్న ఆదేశాలే. ఆ ఆదేశాలు మీరే ఇవ్వండి" అన్నాడు. ఇలా అక్షరాలు కొట్టి ఆదేశాలు ఇచ్చే నల్ల తెరనే కమాండ్‌లైన్ అంటారు. చూడగానే భయం వేస్తుంది. నిజానికి బటన్ల కన్నా ఇదే తేలిక. బటన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆదేశాన్ని నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు, ఎప్పుడైనా చూసి కొట్టవచ్చు.

ఇందులో ముఖ్యమైన పనిముట్టు ఏడీబీ. ఇది ఎలా పని చేస్తుందో తెలియాలంటే మన హాస్టల్ గేటు గుర్తు చేసుకోండి. ఊరి నుంచి నాయన వస్తే నేరుగా గదిలోకి రాలేడు. వాచ్‌మన్‌కు చెబుతాడు. వాచ్‌మన్ గదికి వచ్చి చెబుతాడు. మన జవాబు తీసుకుని మళ్ళీ గేటు దగ్గరికి పోతాడు. ఏడీబీలోనూ మూడు భాగాలు. మనం ఆదేశం కొట్టేది ఒకటి. కంప్యూటర్‌లో వెనక ఉండి మాట మోసేది రెండోది, అదే వాచ్‌మన్. ఫోను లోపల కూర్చుని పని చేసిపెట్టేది మూడోది. ఎప్పుడైనా ఫోను పలకకపోతే "ఏడీబీ కిల్-సర్వర్" అని కొట్టి, మళ్ళీ "ఏడీబీ స్టార్ట్-సర్వర్" అనండి. నిద్రపోయిన వాచ్‌మన్‌ను తట్టి లేపినట్టు!

మొదలుపెట్టే తీరు

ఒక మనవి. కంప్యూటర్‌లో ఈ ఆదేశాలను ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. మేము పలికే తీరును తెలుగులో ఇస్తున్నాం. అడ్డగీతలు, ఖాళీలు ఎక్కడున్నాయో జాగ్రత్తగా చూసుకోండి.

మొదట ఆండ్రాయిడ్ డెవలపర్ల వెబ్‌సైట్ నుంచి "కమాండ్‌లైన్ టూల్స్" మాత్రం దించుకోవాలి. తర్వాత ఎస్‌డీకేమేనేజర్ అనే ఆదేశంతో మూడు సరుకులు తెప్పించుకోవాలి: ప్లాట్‌ఫామ్-టూల్స్ (ఏడీబీ ఇందులోనే ఉంటుంది), ఎమ్యులేటర్, ఒక సిస్టమ్ ఇమేజ్. సిస్టమ్ ఇమేజ్ అంటే ఉత్తుత్తి ఫోనులో పోసే ఆండ్రాయిడ్. ఇది సాధారణంగా ఒక జీబీకి అటూఇటూగా ఉంటుంది. ఫోను డేటాతో దించితే ఆ రోజు డేటా అంతా దీనికే పోతుంది. కాబట్టి ల్యాబ్‌లో ఒకరు దించి, ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో మిగతావాళ్ళకు ఇవ్వడం మేలు. మేం అలాగే చేశాం.

ఆ తర్వాత "ఎమ్యులేటర్ -యాక్సెల్-చెక్" అని కొట్టండి. మీ కంప్యూటర్ ప్రాసెసర్ ఈ పనికి సాయపడుతుందో లేదో అదే చెబుతుంది. మేము ఈ మెట్టు తెలియక వారం రోజులు పోగొట్టుకున్నాం. మా ఉత్తుత్తి ఫోను లేవడానికి పావుగంట పట్టేది. కంప్యూటర్ పాతదైపోయిందనుకున్నాం. తీరా చూస్తే బయోస్‌లో వర్చువలైజేషన్ అనే మీట ఆపేసి ఉంది. ల్యాబ్ సారును అడిగి దాన్ని వేయించాక ఫోను నిమిషంలో లేచింది. కంప్యూటర్ మీద నింద వేసేముందు మీట చూసుకోవాలని ఆరోజే నేర్చుకున్నాం. లైనక్స్‌లో అయితే కేవీఎం, విండోస్‌లో అయితే విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ పని చేస్తూ ఉండాలి.

ఇక ఫోను తయారీ. "ఏవీడీమేనేజర్ క్రియేట్ ఏవీడీ -ఎన్ పల్లె -కె" అని కొట్టి, పక్కన మనం తెప్పించుకున్న సిస్టమ్ ఇమేజ్ పేరు కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వాలి. "పల్లె" అనేది మేం మా ఫోనుకు పెట్టుకున్న పేరు. మీకిష్టమైన పేరు పెట్టుకోండి. "ఎమ్యులేటర్ -ఏవీడీ పల్లె" అంటే ఫోను లేస్తుంది. మరో నల్ల తెర తెరిచి "ఏడీబీ డివైసెస్" అంటే "ఎమ్యులేటర్-5554" అని హాజరు పలుకుతుంది. అప్పుడు "ఏడీబీ ఇన్‌స్టాల్ వాన.ఏపీకే" అంటే మన యాప్ అందులోకి ఎక్కుతుంది. ఇంతే!

ర్యామ్ తక్కువైతే ఒక ఉపాయం. యాప్‌ను తయారు చేసే గ్రేడిల్, ఉత్తుత్తి ఫోను రెండూ ఒకేసారి నడవకుండా చూసుకోండి. ముందు "గ్రేడిల్‌డబ్ల్యూ అసెంబుల్‌డీబగ్" అని యాప్ కట్టించి, "గ్రేడిల్‌డబ్ల్యూ --స్టాప్" అని దాన్ని ఆపి, ఆ తర్వాతే ఫోను లేపండి. మేము రెండేళ్ళూ ఇలాగే నెట్టుకొచ్చాం.

మా "వాన లెక్క"

ప్రాజెక్టుకు ఏం చేద్దామన్నప్పుడు ముగ్గురికీ ఒకే మాట తోచింది. వాన! అనంతపురంలో పుట్టినవాడికి ఇంకేం తోస్తుంది? పడమటి కనుమల వెనక వాననీడలో ఉన్నాం. తూర్పున సముద్రమూ దూరమే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతుకుతున్న నేల మనది. "ఈరోజు 10 మిల్లీమీటర్ల వర్షపాతం" అని టీవీలో చెబితే ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. ఆ లెక్కను విప్పి చెప్పే చిన్న యాప్ చేద్దామనుకున్నాం. ఎకరా నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది సుమారు 4,047 లీటర్లు. 10 మిల్లీమీటర్లంటే నలభై వేల లీటర్లు దాటుతుంది. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. వాన ఎంత, చేను ఎన్ని ఎకరాలు అని అడిగి ఈ లెక్క చూపించడమే మా యాప్ పని.

యాప్ నడిచింది. ముగ్గురం చేతులు కలుపుకున్నాం. అప్పుడే సీనియర్ నవ్వి, "కోతిని వదిలారా?" అన్నాడు. నిజంగానే ఆండ్రాయిడ్‌లో కోతి ఉంది! "ఏడీబీ షెల్ మంకీ -పి" అని, యాప్ ప్యాకేజీ పేరు, ఆ తర్వాత "-వి 500" అని ఇస్తే, ఒక కోతి ఫోను పట్టుకున్నట్టు ఎక్కడపడితే అక్కడ 500 సార్లు నొక్కుతుంది, లాగుతుంది, తిప్పుతుంది. మా యాప్ కాసేపట్లోనే కుప్పకూలింది. "ఏడీబీ లాగ్‌క్యాట్" అనే ఆదేశం ఫోను లోపల జరిగినదంతా వరుసగా రాసి చూపిస్తుంది. అందులో వెతికితే "నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్" అని కనబడింది. ఎకరాల గడిలో ఏమీ రాయకుండానే కోతి బటన్ నొక్కింది. ఖాళీ గడిని అంకెగా మార్చబోయి యాప్ చచ్చిపోయింది. మేం ముగ్గురం నెలరోజులు నొక్కినా గడి నింపే నొక్కాం. తెలిసినవాడు ఎప్పుడూ తెలిసిన దారిలోనే నడుస్తాడు, తప్పు అక్కడ దొరకదు!

తర్వాత ఊరి స్థానం. నిజం ఫోను ఉపగ్రహాల నుంచి తెలుసుకుంటుంది. ఉత్తుత్తి ఫోనుకు మనమే చెప్పాలి. అనంతపురం 14.68 ఉత్తర అక్షాంశం, 77.60 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. బడిలో నేర్చుకున్న వరుసలోనే "ఏడీబీ ఎము జియో ఫిక్స్ 14.68 77.60" అని కొట్టాం. చూస్తే మా వేరుశనగ చేను ఉత్తర ధ్రువానికి దగ్గర, నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవుల మంచులో తేలింది! ఎందుకంటే ఈ ఆదేశం ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం అడుగుతుంది. తిరగేసి 77.60 ముందు పెట్టగానే ఎర్రమట్టికి తిరిగొచ్చాం. ఆరోజు నవ్వు ఆగలేదు. కానీ రాత్రి పడుకున్నాక ఒక ఆలోచన వచ్చింది. రెండు అంకెలు అటూఇటూ అయితే చేను మంచుగడ్డల్లోకి పోయింది. ఇలాంటి పొరపాటే రైతు చేతిలోని యాప్‌లో ఉంటే?

మన పల్లెల కష్టాలు కూడా ఈ ఫోనుకు పెట్టి చూడవచ్చు. ఎమ్యులేటర్‌ను లేపేటప్పుడు "-నెట్‌స్పీడ్ జీఎస్ఎం" అని చేర్చితే ఇంటర్నెట్ పాతకాలపు ఫోనులా నత్తనడక నడుస్తుంది. "ఏడీబీ షెల్ ఎస్‌వీసీ డేటా డిజేబుల్", "ఏడీబీ షెల్ ఎస్‌వీసీ వైఫై డిజేబుల్" అంటే సిగ్నల్ లేని తండాలో ఉన్నట్టే. "ఏడీబీ ఎము పవర్ కెపాసిటీ 5" అంటే బ్యాటరీ 5 శాతానికి దిగుతుంది. "ఏడీబీ షెల్ సెట్టింగ్స్ పుట్ సిస్టమ్ ఫాంట్_స్కేల్ 1.3" అంటే అక్షరాలు పెద్దవవుతాయి. మా పెద్దవాళ్ళ ఫోన్లన్నిటిలో అక్షరాలు పెద్దగానే ఉంటాయి. ఇది పెట్టి చూస్తే మా తెలుగు బటన్లలో ఒత్తులు సగానికి తెగిపోయాయి. "లెక్క" అన్న మాటకు కింద ఉన్న ఒత్తే కనబడలేదు. ఇంగ్లీషు బటన్ కొలతకు తెలుగు మాటను కుక్కితే అంతే. బటన్ ఎత్తు పెంచాం.

సిమ్యులేటర్‌లో నాయన లేడు

ఇన్ని పరీక్షలు దాటాక ధైర్యంగా మాలో ఒకరి ఊరికి పోయాం. మధ్యాహ్నం ఎండలో, చేని గట్టు మీద, నాయన చేతికి ఫోను ఇచ్చాం. మొదట తెరే కనబడలేదు. లేతరంగు అక్షరాలు ఎండలో మాయమయ్యాయి. తుండుగుడ్డ నీడ పట్టి చూపించాం. మట్టిపని చేసి పగిలిన బొటనవేలు నొక్కితే ఒక బటన్‌కు పక్క బటన్ పలికింది. ఈ రెండు సంగతులూ మౌసుతో నొక్కే ఉత్తుత్తి ఫోను మాకు ఎన్నడూ చెప్పలేదు.

చివరికి లెక్క వచ్చింది. నలభై వేల లీటర్లు, ఎనిమిది ట్యాంకర్లు అని గర్వంగా చదివి వినిపించాం. నాయన విని, ఫోను తిరిగిచ్చి, ఒకే మాట అన్నాడు.

"లీటర్లు ఎవురికి కావల్ల రా? పదునైందో లేదో చెప్పమను."

మా దగ్గర జవాబు లేదు. అదును, పదును చూసి విత్తేవాడికి కావలసింది ఆకాశం నుంచి ఎంత పడిందని కాదు, నేల ఎంత లోతు తడిసిందని. అదే వాన ఎర్రమట్టిలో ఒక తీరు, నల్లరేగడిలో మరో తీరు. వాలు చేనులో సగం నీళ్ళు వంకలోకి పోతాయి. నాయన వంగి, సాలులో మట్టి తవ్వి, పిడికిట్లో పిసికి చూపించాడు. "బెత్తెడే తడిసింది. ఇప్పుడు చెనిక్కాయ విత్తితే మొలిచి ఎండిపోతుంది" అన్నాడు. ఒక్కసారి తప్పు అదనుకు విత్తితే విత్తనం, గొర్రు బాడుగ, కూలి అన్నీ మట్టిపాలు. ఆ అప్పు తీర్చడానికి బెంగళూరు బస్సెక్కిన ఇళ్ళు మన హాస్టల్‌లో ఎన్ని లేవు? మనలో ఎంతమంది అలాంటి ఇంటి నుంచి రాలేదు?

తిరిగివచ్చి యాప్ మార్చాం. బటన్లు పెద్దవి చేశాం. అక్షరాలు నల్లగా, ముదురుగా చేశాం. వాన లెక్కతో పాటు, తవ్వి చూసిన తడి బెత్తెడా, జానెడా అని తేదీతో రాసుకునే గడి పెట్టాం. "ఇప్పుడు విత్తండి" అని చెప్పే బటన్ పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. పెట్టలేదు. ఆ మాట చెప్పేంత చదువు మాకు లేదు, మా యాప్‌కూ లేదు. ఆ మాట చెప్పవలసింది వ్యవసాయ శాస్త్రవేత్తలు, పిడికిట్లో మట్టి పిసికిన రైతులు.

తమ్ముళ్ళకు కొన్ని మాటలు

మీకు దొరికిన కంప్యూటర్ ఉత్తుత్తి ఫోనును మోయలేకపోతే దిగులుపడకండి. పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి, కేబుల్ ఒకటి ఉంటే చాలు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ వేసి కంప్యూటర్‌కు కలిపితే, పైన చెప్పిన ఏడీబీ ఇన్‌స్టాల్, లాగ్‌క్యాట్, కోతి అన్నీ దాని మీదే పని చేస్తాయి. తెర పగిలిన మా ఫోను ఇప్పటికీ ఆ పనికే ఉంది. పని అయ్యాక డీబగ్గింగ్ ఆపేయడం మాత్రం మరిచిపోకండి. తెలియని కంప్యూటర్‌కు అలాగే కలిపితే తాళం చెవి ఇచ్చినట్టే.

ఐఫోన్ యాప్‌లకైతే మ్యాక్ కంప్యూటర్ కావాలి. అక్కడ ఇదే పనికి సిమ్‌సీటీఎల్ అనే ఆదేశం ఉంది. బూట్ అంటే ఫోను లేస్తుంది, ఇన్‌స్టాల్ అంటే యాప్ ఎక్కుతుంది, లాంచ్ అంటే నడుస్తుంది. మ్యాక్ మనకు ఇప్పుడు అందకపోవచ్చు. కానీ ఒక కాడికి అలవాటుపడిన ఎద్దుకు ఇంకో కాడి కొత్త కాదు. రేపు ఉద్యోగంలో అది ఎదురైతే బెదరనక్కరలేదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీరు చదివిన రోజుల్లో ఇంటికి మాట్లాడాలంటే ఎస్టీడీ బూత్ దాకా నడిచేవారని చెబుతుంటారు. ఇప్పటి తమ్ముళ్ళకు ఆ దూరం లేదు, వేరే దూరం ఉంది. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మీ ఇంట్లో మూలనపడిన పాత ఫోను, పాత కంప్యూటర్ ఉంటే తెచ్చివ్వండి. కొత్తది అక్కరలేదు. ఈ వ్యాసంలోని ఆదేశాలన్నీ పక్కన కూర్చుని కొట్టించే బాధ్యత మాది.

తమ్ముడూ, నీ ప్రశ్నకు మా జవాబు ఇదీ. నేర్చుకోవచ్చు. తెర మీద ఫోనులో వందసార్లు ఓడిపో, అక్కడ ఎవరి సొమ్మూ పోదు. అక్కడ ఓడిపోవడానికి బద్ధకించి, ఆ ఓటమిని నాయన చేనుకు పంపకు. అక్కడ నెగ్గాక కూడా సంబరపడిపోకుండా, ఒకసారి ఎండలోకి వెళ్ళి, ఆ ఫోనును వాడవలసిన మనిషి చేతికిచ్చి, ఆయన చెప్పేది విను.

ఆదివారాలు మేం హాస్టల్‌కు వస్తూనే ఉంటాం. స్టడీ అవర్ అయ్యాక నోటుపుస్తకం, పెన్ను పట్టుకుని రా. మొదటి ఆదేశం కలిసి కొడదాం.

— పూర్వ విద్యార్థులు, ఎం.సి.ఏ.